నమ్మి చెప్పిన మాట

పాస్టరుగారు తన కోటు తెచ్చుకుందామని వెళ్ళేసరికి, కుట్టుపని చేసే ఆవిడ ముందుగదిలో నేల మీద కూర్చుని తెల్లగుడ్డ ముక్కలు లెక్కపెడుతోంది. ఒక్కో ముక్కనూ నాలుగు మడతలు వేసి, అరచేత్తో ఒత్తి, దొంతరగా పేరుస్తోంది. ఎదురుగా స్టూలు మీద గుడిలో పాటల బృందాన్ని నడిపే పెద్దావిడ కూర్చుని ఉంది. సంఘంలో ఆవిడను చాటుగా హార్మోనియం అంటారు. ఎవరూ మెట్లు నొక్కకపోయినా మోగుతుందని.

"పదమూడు ముక్కలు. మీ బృందానికి మూడు అంగీలు కత్తిరించేశానక్కా. అవైనా కుట్టి ఇస్తాను" అంది కుట్టుపనావిడ.

"వద్దులేమ్మా. ఎలా ఉన్నవి అలా ఇచ్చెయ్."

"చేతులు, మెడ విడివిడిగా ఉన్నాయి. ఇంకొకరు అతికితే కుదరదు."

"కుదరకపోతే పోనీ."

కుట్టుపనావిడ కత్తిరించిన ముక్కలకు గుచ్చిన గుండుసూదులు ఊడకుండా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూసింది. అంచు నుంచి చించిన పీలికతో అన్నిటినీ కలిపి మూట కట్టింది. లోపలిగదిలోంచి ముసలిగొంతు ఒకటి, "ఎవరే అక్కడ? ఎవరే?" అని అరిచింది. "నేనే అత్తమ్మా" అంది ఆమె తల తిప్పకుండానే.

తరవాత లేచి, కొక్కేనికి తగిలించిన కోటు తీసి పాస్టరుగారి చేతికిచ్చింది. "లైనింగు మార్చాను. గుండీలు వదులుగా ఉంటే మళ్ళీ కుట్టాను" అంది. మాట ఆయనతోనే గాని, చూపు మాత్రం కోటు కాలరు మీద ఉంది.

వీధిలోకి వచ్చాక ఆయన హార్మోనియాన్ని అడిగాడు. "ఇంత పనిమంతురాలు మనకు ఇంకెక్కడ దొరుకుతుందమ్మా? గుడ్డ ఎందుకు వెనక్కి తీసుకున్నారు?"

ఆవిడ మూటను చంకలోకి జరుపుకొని ఆశ్చర్యంగా చూసింది. "అదేంటయ్యగారూ, మీరే కదా చెప్పింది!"

"నేనా?"

"రెండు వారాల కిందట ప్రసంగంలో. మంచం మీద కదల్లేని మనిషి చెంప మీద పడిన చెయ్యి దేవుడి ముందు ఎలా లేస్తుంది అన్నారు. ఆ చేతులు కుట్టిన అంగీ వేసుకుని మమ్మల్ని పాడమంటారా? గురువారం, శుక్రవారం మేం వెళ్ళి ఆ ముసలామె దగ్గర కూర్చునేవాళ్ళం. అదీ మానేశాం. ఆ గడప తొక్కాలంటేనే మనసొప్పట్లేదు."

"నేను ఎవరి పేరూ చెప్పలేదమ్మా."

"మీరు చెప్పాలా ఏంటి? చెబుతుంటే కళ్ళకు కట్టింది. మా చెల్లెలు ఏడ్చేసింది కూడా" అంది ఆవిడ మెచ్చుకోలుగా.

ఇంటికి వచ్చేసరికి భార్య వంటింటి గట్టు దగ్గర చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆయన జరిగింది చెప్పాడు. ఆమె చేతులు ఆగలేదు.

"మనసు బాగాలేక అయ్యగారితో మాట్లాడానని ఆవిడ నాతో అంది. ఏం మాట్లాడిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆదివారం బెంచీ మీద కూర్చుని అందరితోపాటు విన్నాను."

"ఉదాహరణగా చెప్పాను. పేరు ఎత్తలేదు."

"మన సంఘంలో మంచం పట్టిన అత్తగార్లు ఎంతమంది ఉన్నారు?"

ఆయన లెక్కపెట్టబోయి ఒకటి దగ్గరే ఆగిపోయాడు.

"అప్పుడే నాకెందుకు చెప్పలేదు?"

"ప్రసంగం ఎలా ఉంది అని అడిగారు. బాగుంది అన్నాను. మీరు అడిగింది అంతే కదా" అంది ఆమె. ఒలిచిన తొక్కలు దోసిట్లోకి ఎత్తుకుని బయట పారేయడానికి లేచింది.

*

మర్నాడు ఆయన వెళ్ళి తలుపు తట్టినప్పుడు, "ఎవరైనా సరే లోపలికి వచ్చి ఒక చెయ్యి వెయ్యండి" అన్న కేక వినిపించింది. వచ్చినవాడు పాస్టరుగారని చూసి కుట్టుపనావిడ ఒక్క క్షణం తటపటాయించింది. కాని రెండు చేతులూ ఖాళీగా లేవు. "ఆ భుజం పట్టుకోండి. లాగొద్దు, మీ వైపు ఆనించుకోండి చాలు" అంది.

ముసలామె పక్కకు ఒత్తిగిలి ఉంది. తడిసిన దుప్పటిని ఆమె వీపు దాకా చుట్టచుట్టి, ఖాళీ అయిన సగంలో ఉతికిన దుప్పటి పరిచి, కోడలు అటు తిరిగి వచ్చింది. "ఇప్పుడు నా వైపు." ముసలామెను ఆ చుట్ట మీదుగా ఇటు దొర్లించి, అటునుంచి తడిదుప్పటి లాగేసింది. పరుపు మీద ఒక్క ముడత లేకుండా ఉతికిన దుప్పటి సాగింది. నడుం పైన, మానిన పుండు చోట అరచేయంత మేర చర్మం లేత గులాబీ రంగులో మెరుస్తోంది.

"ఇది మూసుకోడానికి ఆరు నెలలు పట్టింది" అంది కోడలు, పౌడరు చల్లుతూ. "రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే మళ్ళీ వస్తుంది."

ఆమె చేతులు కడుక్కుని వచ్చేదాకా ఆయన నిలబడే ఉన్నాడు.

"నేను తప్పు చేశానమ్మా."

"తెలుసండీ."

"ఆదివారం అందరి ముందూ ఒప్పుకుంటాను" అన్నాడు.

"ఏమని?"

"నువ్వు నమ్మి చెప్పిన మాట బయటపెట్టానని."

"అంటే మళ్ళీ నా కథేనన్నమాట." ఆమె తువ్వాలు దండెం మీద ఆరేసి, అంచులు సమంగా లాగింది. "ఇప్పుడు సగం మందికి అనుమానం, సగం మందికి నమ్మకం. మీరు క్షమించమని అడిగారంటే ఆ అనుమానం ఉన్నవాళ్ళకు కూడా రుజువు దొరుకుతుంది. మీ మనసు తేలికపడుతుంది. మరి నాకేంటి?"

ఇరవై రెండేళ్ళుగా ఎవరు ఏమడిగినా ఆయన దగ్గర ఒక వచనం సిద్ధంగా ఉండేది. ఇప్పుడు ఆయనే అడిగాడు.

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"కూర్చోడానికి వచ్చేవాళ్ళు మానేశారు. కుట్టినవి ఇళ్ళకు ఇచ్చి రావాలి, దారాలు తెచ్చుకోవాలి. ఈవిణ్ణి వదిలి వీధి మలుపు దాటలేకపోతున్నాను. మా ఆయన లారీ దిగి రావడానికి ఇంకా పదిరోజులు."

"నేను కూర్చుంటాను."

ఆ రెండు రోజుల్లో ఆమె ముఖం మీద మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది. "మీకు చేతకాదండీ."

"నేర్పించు."

*

గురువారం సాఫీగానే గడిచింది. ముసలామె ఆయనను పళ్ళు పీకడానికి వచ్చిన డాక్టరనుకుని పెదవులు బిగించుకుంది. కాసేపటికి నిద్రపోయింది. ఆయన కీర్తన ఒకటి మెల్లగా చదువుకున్నాడు. కోడలు తిరిగి వచ్చాక కలిసి పక్క మార్చారు. ఇంటికి నడుస్తుంటే, మంచం పక్కన మౌనంగా కూర్చోవడం గురించి ఒక మంచి ఉదాహరణ ఆయన మనసులో రూపు కట్టుకుంటూ వచ్చింది. తన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అది ఏమిటో గుర్తుపట్టి, చెప్పులు విప్పకుండా అక్కడే నిలబడిపోయాడు.

శుక్రవారం అన్నం పెట్టే పని కూడా ఆయనదే అయింది. కోడలు మెత్తగా పిసికి పాలు కలిపిన అన్నం గిన్నెలో పెట్టి చూపించింది. "తలగడ ఎత్తుగా ఉండాలి. చెంచాలో సగమే తీసుకోండి. గుటక పడేదాకా రెండోది పెట్టొద్దు. గుటక ఇదిగో, ఇక్కడ కనిపిస్తుంది" అని తన గొంతు మీద వేలు పెట్టి, బట్టల సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

మొదటి చెంచా ముసలామె మింగింది. రెండోది బుగ్గన పెట్టుకుని, ఆయన వంగి గొంతు వంక చూస్తుండగా ఆయన చొక్కా మీద ఉమ్మేసింది. ఆయన తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఉమ్మింది. "దొంగ! దొంగ వచ్చాడే!" అని అరవడం మొదలుపెట్టింది. "నేనమ్మా, పాస్టర్ని" అన్నాడు నెమ్మదిగా. మూడుసార్లు నెమ్మదిగానే అన్నాడు. ఆమె చెయ్యి విసిరితే గిన్నె పక్కకు ఒరిగి సగం ఒలికిపోయింది. పరుపు మీదా, ఉతికిన దుప్పటి మీదా అన్నం పరుచుకుంది. అది ఎత్తుదామని వంగినప్పుడు ఆమె గోళ్ళు ఆయన చెవి మీద గీరుకున్నాయి.

ఆయన ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"నోరు ముయ్యి!"

మైకు లేకుండా గుడి నిండే గొంతు అది. చిన్నగది అదిరింది. ఎంతసేపు పట్టుకున్నాడో, ఎంత గట్టిగా నొక్కాడో ఆయనకు తెలియదు. ముసలామె ఏడవలేదు. తల మెడలోకి కుదించుకుని, ఇంకో దెబ్బ కోసం చూస్తున్నట్టు ఉండిపోయింది. ఆయన వదిలేశాడు. పలచటి చర్మం మీద నాలుగు వేళ్ళూ వేరువేరుగా అచ్చుపడి ఉన్నాయి.

అన్నం ఎత్తి, తడిగుడ్డతో అంతా తుడిచి, గిన్నెలో మిగిలింది తీసుకుని ఆయన మళ్ళీ కూర్చున్నాడు. చెంచా చాపితే ఈసారి ఆమె నోరు తెరిచింది. ఒకదాని తరవాత ఒకటి, పెట్టింది పెట్టినట్టు మింగింది, ఆయన చేతిమీదినుంచి చూపు తీయకుండా. ఆ విధేయతను చూడటమే ఆయనకు అన్నిటికన్నా భరించరానిదైంది.

కోడలు వచ్చి సంచి దింపిన నిమిషంలోనే మణికట్టు చూసింది. "ఇదేంటి?"

మంచం ఇనప పట్టీకి తగిలిందన్న మాట తయారుగా ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది. ముసలామె కాదని చెప్పగలిగేది కూడా కాదు.

"నేనే" అన్నాడు. "అన్నం ఉమ్మేసింది. గీరింది. కోపం వచ్చి నొక్కేశాను. అరిచాను."

కోడలు మంచం అంచున కూర్చుంది. అత్తగారి వేళ్ళు ఒక్కొక్కటీ మడిచి చూసింది, మణికట్టు మెల్లగా అటూ ఇటూ తిప్పింది. "విరగలేదు" అంది. ఆయన వంక చూడకుండానే కాసేపటికి మళ్ళీ అంది, "నేను కొట్టిన రోజు వంట చెయ్యలేకపోయాను. ఆ చేత్తో బియ్యం ఎలా కడగాలో తెలియలేదు. అందుకే మీ దగ్గరికి వచ్చాను."

"మీరు నన్ను క్షమించండి" అన్నాడాయన. ఇన్నేళ్ళుగా నువ్వు అన్న మనిషిని మీరు అన్నానని ఆయనకు తరవాతగాని తెలియలేదు.

"ఈ గుడ్డ చల్లనీళ్ళలో పిండుకొస్తారా?"

ఆయన పెరట్లో కుళాయి దగ్గర ఉండగా ముందుగదిలో హార్మోనియం గొంతు వినిపించింది. కొలతలు రాసిన కాగితం మరచిపోయిందట, దానికోసం వచ్చింది. అడుగులు లోపలిగది దాకా వచ్చి ఆగాయి.

"మళ్ళీనా! అయ్యో, అయ్యో, వేళ్ళు వేళ్ళుగా ఉందే! అయ్యగారు అంతలా చెప్పినా నీకు బుద్ధి రాలేదా?"

పాస్టరుగారు కుళాయి కట్టేశాడు. పెరటి గుమ్మం ఐదడుగుల దూరంలో ఉంది. ఇప్పుడే వెళ్ళాలి అని ఆయనకు స్పష్టంగా తెలుసు.

"కమిలిందక్కా. నేను ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది" అంటోంది కుట్టుపనావిడ.

"జాగ్రత్తట, జాగ్రత్త! చూడ్డానికి కూడా పాపమే."

గుడ్డలోంచి నీళ్ళు ఆయన పాదాల మీద కారుతున్నాయి. వీధి తలుపు దడాలున పడింది. చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళి వినిపించకుండా పోయింది. అప్పుడు కదిలాయి ఆయన కాళ్ళు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు గుమ్మంలో నిలబడి. "నేనని ఎందుకు చెప్పలేదు?"

ఆమె చెయ్యి చాపి గుడ్డ తీసుకుంది. "మీరు నాతో చెప్పుకున్నారు. ఆవిడతో కాదు కదా."

వెళ్ళేముందు ఆయన అడిగాడు. "నా తప్పు నేను చెప్పుకోవచ్చా?"

"మీది మీరు చెప్పుకోండి" అంది ఆమె, మణికట్టు చుట్టూ గుడ్డ చుడుతూ. "నాది మాత్రం ముట్టుకోకండి."

*

శనివారం పొద్దున ఆయన ప్రసంగాల పుస్తకాలన్నీ బీరువాలోంచి దించాడు. పద్నాలుగు ఉన్నాయి. పెన్సిలు పట్టుకుని ఒక్కొక్క పేజీ తిప్పాడు. భర్త తాగుడు గురించి ఏడ్చిన ఆడమనిషి. పరీక్షలో తప్పి, ఇంట్లో చెప్పలేక ఆయనతో చెప్పిన పిల్ల. తమ్ముడితో పదేళ్ళుగా మాటలు లేని వడ్రంగి. పేరు ఎక్కడా లేదు. మనిషి మాత్రం ప్రతిచోటా ఉన్నాడు. మధ్యాహ్నానికి పదకొండు చోట్ల గీతలు పడ్డాయి. వాళ్ళలో నలుగురు ఇప్పుడు గుడికి రావడం లేదు. వాళ్ళు మందను విడిచి ఎందుకు పోయారని ఒకప్పుడు ఆయన బాధపడుతూ ప్రసంగించాడు. ఆ ప్రసంగం కూడా అందులోనే ఉంది.

సాయంత్రం సంఘపెద్ద ఇంటికి వెళ్ళాడు. రిటైరైన హెడ్మాస్టరు ఆయన. వరండాలో తెగిన గొడుగు ఊచకు తీగ చుడుతున్నాడు. అంతా విని గొడుగు పక్కన పెట్టాడు.

"మీరు అలసిపోయారు. నెలరోజులు సెలవు తీసుకోండి, నేను చూసుకుంటాను. అందరి ముందూ చెప్పడం దేనికండీ? అభిషేకం పొందినవాడి మీద వేలు చూపకూడదు."

"బైబిల్లో పరాయివాడి భార్యను తెచ్చుకున్న ఆ రాజు కూడా అభిషేకం పొందినవాడేనండి. ప్రవక్త నేరుగా ఆయన ఇంటికే వచ్చి వేలు చూపాడు. రాజు కాదనలేదు."

"అది వేరు, ఇది వేరు."

"సంఘపెద్ద తప్పు చేస్తే అందరి ఎదుటా గద్దించమని అపొస్తలుడు రాశాడు. పెద్దల్ని ఎన్నుకునే రోజు ఆ భాగం మనమే చదువుతాం. సెలవు నాకు నేను ఇచ్చుకునేది. అది వద్దు. మీరంతా కూర్చుని నన్ను ఆపాలి. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా మీరే చెప్పాలి."

హెడ్మాస్టరు మళ్ళీ గొడుగు చేతిలోకి తీసుకున్నాడు. "ముప్పై ఏళ్ళు పిల్లల్ని గద్దించాను" అన్నాడు. "నాకన్నా పైవాణ్ణి ఎప్పుడూ గద్దించలేదు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియదు."

"పైవాణ్ణి కాదండీ నేను. మనమెవరం పైన ఉన్నాం?"

*

ఆదివారం ఆయన వేదిక ఎక్కలేదు. ముందు బెంచీ పక్కన నేల మీదే నిలబడ్డాడు. వెనక వరసల వాళ్ళు ఆయన కనబడక మెడలు సాచారు. చేతిలో కాగితం లేదు.

"మీరు నన్ను నమ్మి చెప్పుకున్న మాటల్ని నేను ఇక్కడ ఉదాహరణలుగా వాడాను. ఒకరివి కాదు, చాలామందివి. ప్రసంగం రక్తికట్టాలని వాడాను. పేరు చెప్పలేదు కదా అని నన్ను నేను సమర్థించుకున్నాను. ఎవరెవరివో ఇక్కడ చెప్పను. వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి చెబుతాను."

ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఇంకొకటి. శుక్రవారం మధ్యాహ్నం మంచం మీద ఉన్న ఒక పెద్దావిడకు అన్నం పెట్టడానికి కూర్చున్నాను. విసుగొచ్చి ఆమె చెయ్యి నొక్కాను. నోరు ముయ్యమని అరిచాను. ఆ చేతిమీద వేళ్ళ గుర్తులు ఉన్నాయి. అవి నావి. ఇంకెవరివీ కావు. వాటికోసం ఇంకొకరు మాటపడుతుంటే నేను పెరట్లో దాక్కున్నాను."

పాటల వరసలో హార్మోనియం పాటల పుస్తకం మీదికి తల వంచేసింది. "ఇవన్నీ చెప్పకుండా ఉంటే పోయేది" అని ఎవరో గొణిగారు. ఒక కుటుంబం లేచి బయటికి నడిచింది. మూడో బెంచీలో వడ్రంగి మాత్రం, ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్న వస్తువు దొరికినవాడిలా, ఆయన ముఖంలోకి రెప్పవేయకుండా చూస్తున్నాడు.

హెడ్మాస్టరు లేచాడు. జేబులోంచి కాగితం తీశాడు. "పెద్దలం పొద్దున్నే కూడాం. అయ్యగారు మూడు నెలలు ప్రసంగించరు. నెలకోసారి మా ముందు కూర్చుని, ఎవరెవరి ఇళ్ళకు వెళ్ళారో చెప్పాలి. వాళ్ళు ఏమన్నారో మాకు చెప్పక్కర్లేదు" అని చదివాడు. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది ఆయన్ను ఒక్కణ్ణి అడిగే మాట కాదు. మేం మెచ్చుకున్నాం. ఒక్కరం కూడా ఆపలేదు" అన్నాడు. అది కాగితంలో లేదు.

పాస్టరుగారు వెళ్ళి నాలుగో వరసలో భార్య పక్కన కూర్చున్నాడు. ఆమె జరిగి చోటిచ్చింది.

*

గురువారం ఆయన వెళితే కుట్టుపనావిడ తలుపు తీసి, అడ్డు తొలగింది. రావొద్దని అనలేదు. "అన్నం నేను పెట్టేశాను. మీరు కూర్చోండి చాలు" అంది.

ఆయనను చూడగానే ముసలామె కమిలిన చేతిని దుప్పటి కిందికి లాక్కుంది. పేరు గుర్తులేదు, ముఖం గుర్తులేదు. ఆ చేతికి మాత్రం గుర్తుంది. ఆయన కుర్చీని జానెడు వెనక్కి జరుపుకుని, చేతులు రెండూ ఒళ్ళో కనబడేలా పెట్టుకుని కూర్చున్నాడు. ముసలామె వాటినే చూస్తూ పడుకుంది.

ముందుగదిలో మిషను నడుస్తోంది. అది ఆగింది. ఎవరో వచ్చారు. స్టూలు జరిగిన చప్పుడు.

"లోపల అయ్యగారున్నారక్కా. మాట్లాడతావా?"

"ఆయనతో కాదు. నీతోనే" అంది హార్మోనియం. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండగలదని పాస్టరుగారికి తెలియదు. "నీకేసి చూడ్డానికే నాకు మొహం చెల్లట్లేదు. ఎవరితోనూ అనని మాట ఒకటుంది. మా అమ్మ పోయేముందు, ఆ చివరి రోజుల్లో, నేను..."

పాస్టరుగారు లేచాడు. ముసలామె ఉలిక్కిపడకుండా మంచానికి దూరంగా గోడవారన నడిచి వెళ్ళి, రెండు గదుల మధ్య తలుపు దగ్గరికి వేసి, గడియ పెట్టాడు.

తిరిగి వచ్చి కూర్చున్నాడు. తలుపు అవతల మాటలు వట్టి గొణుగుడుగా మారిపోయాయి. పక్క మార్చడానికి ఇంకా గంటన్నర ఉంది.